ఔత్సాహిక సంగీత పోటీలు — నిర్ణేతల ధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున సంగీతపు పోటీలను గూర్చి ప్రసంగమేల యని కొందరికి తోపవచ్చును. తెలుగునాట గ్రంథాలయము ఏనాడును పుస్తకముల బీరువా మాత్రమే కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. ఆ ఉద్యమపు గాలి సోకిన అనేక గ్రామములలో గ్రంథాలయమే పత్రిక చదువు చావడి, రాత్రి బడి, భజన మందిరము, హరికథ చెప్పు పందిరి అయినది. త్యాగరాజస్వామి ఆరాధన జరుపు పుష్య బహుళ పంచమినాడు గాని, శ్రీరామనవమి పందిళ్లలో గాని, గ్రంథాలయ వార్షికోత్సవమున గాని పిల్లలకు, పెద్దలకు పాటల పోటీలు పెట్టుట పల్లెలలో నేటికిని కలదు. పోటీ పెట్టుట సులభము. దానికి తీర్పు చెప్పుట కష్టము.

ఆ కష్టమును తెలిసికొనుటకు ఒక దృష్టాంతము చాలును. ఆరు నెలలు ఒకే కృతిని సాధన చేసిన 11 ఏండ్ల బాలిక వేదిక యెక్కినదనుకొందము. కాళ్లు వణకును, నోరు ఎండును, తారస్థాయిలో స్వరము కొంత దిగును. పాట ముగిసిన పిదప నిర్ణేత మైకు దగ్గరకు వచ్చి, “ఈ పిల్లకు శ్రుతి లేదు” అని ఒక్క మాట అనును. సభ నవ్వును. ఆ బాలిక ఇంటికి పోయి శ్రుతిపెట్టెకు గుడ్డ చుట్టి అటకమీద పెట్టును. పెరిగి పెద్దదై, తన బిడ్డను ఊయలలో వేసి జోలపాట పాడుటకు గూడ జంకును. నిర్ణేత చెప్పినది అసత్యము కాకపోవచ్చును. అయినను, ఒక కుటుంబమునుండి సంగీతము రెండు తరములపాటు తొలగిపోయినది. అట్టి సత్యమువలన ఊరికి ఒరిగినదేమి?

వృత్తి విద్వాంసుని కచేరీని వినువారు, నచ్చిన మెత్తురు, నచ్చనిచో లేచిపోవుదురు. ఔత్సాహికుని సంగతి వేరు. పగలు పొలముననో, బడిలోనో, కొట్టులోనో పనిచేసి, సాయంకాలము ప్రీతికొలది పాడుకొనువాడు అతడు. ముప్పదిమంది పాడిన పోటీలో బహుమతులు మూడే. మిగిలిన ఇరువదియేడుగురు ఏమి తీసికొని ఇంటికి పోవుదురన్నదే పోటీ మంచిచెడులకు గీటురాయి. మొదటివాని నెన్నుట నిర్ణేత పనిలో చిన్న భాగము. పాడిన ప్రతివాడును రేపటినుండి ఏమి సాధన చేయవలెనో తెలిసికొని పోవునట్లు చేయుటయే పెద్ద భాగము. ఈ ప్రసంగమున చెప్పు నియమములన్నియు ఆ ఒక్క మాటను ఆధారము చేసికొనినవే.

పోటీకి ముందు

సగము అన్యాయములు పాట మొదలు కాకమునుపే జరుగును. అన్ని వయసులవారిని ఒకే వరుసలో నిలుపుట వానిలో మొదటిది. వయస్సుతోపాటు ఎన్నేండ్లు నేర్చినారో గూడ చూచి విభాగములు చేయవలెను. ఎనిమిదేండ్లు నేర్చిన 14 ఏండ్ల బాలునితో, నిరుడు సరళీస్వరములు ఆరంభించిన 14 ఏండ్ల బాలుని పోల్చుట తగదు. శాస్త్రీయ కృతులకు, లలిత గీతములకు, తత్త్వములకు, జానపదములకు వేరువేరు విభాగములుండవలెను. ఏకతార మీటుచు తత్త్వము పాడు రైతును గమకము లేదని తగ్గించుట, మామిడిచెట్టును మల్లెలు పూయలేదని దూషించుటవంటిది.

శ్రుతి అందరికి ఒకటే పెట్టుట రెండవ అన్యాయము. పురుషులు సాధారణముగా ఒకటి, ఒకటిన్నర శ్రుతులలోను, స్త్రీలు ఐదు, ఐదున్నర శ్రుతులలోను పాడుదురు. ఎవరి గొంతునకు తగిన శ్రుతిని వారు ముందే చెప్పి, వేదిక యెక్కకమునుపే సరిచూచుకొను అవకాశము ఇయ్యవలెను. పక్కవాద్యములున్నచో అందరికి ఒకే వైణికుడు లేదా వాయులీన విద్వాంసుడు, ఒకే మార్దంగికుడు వాయించవలెను. మృదంగపు నాదము పిల్లవాని గొంతును మించకుండ చూచుట నిర్వాహకుల పని.

పాడు వరుసను అందరియెదుట చీట్లు వేసి నిర్ణయింపవలెను. చందా యిచ్చినవారి బిడ్డలను ఆలస్యము కాకుండ ముందు పాడించుట, బంధువులను జనము నిండిన తరువాత పాడించుట వంటివి అప్పుడు ఉండవు. తన శిష్యుడో, తన యింటి బిడ్డయో పాడునప్పుడు నిర్ణేత ఆ విభాగమునుండి తానే తప్పుకొనవలెను. అతడు న్యాయమే చేయవచ్చును. కాని ఓడినవారి తల్లిదండ్రులు ఆ న్యాయమును నమ్మరు. నమ్మకము పోయిన పోటీకి మరుసటి యేడు పిల్లలు రారు.

ఏమి వినవలెను

నిర్ణేత మొదట వినవలసినది శ్రుతి. ఒక్క స్వరము జారుట వేరు, పాట సాగినకొలది శ్రుతి క్రమముగా దిగజారుట వేరు. మొదటిది తడబాటు, రెండవది సాధనలోని లోపము. పల్లవికి తిరిగి వచ్చినప్పుడు, పాట ముగియునప్పుడు షడ్జము శ్రుతిపెట్టెతో కలియుచున్నదా యని చూచినచో ఈ భేదము తెలియును. మొదటి అరనిమిషపు వణకును లెక్కింపరాదు. ఇంచుమించు పండ్రెండు, పదునైదేండ్ల నడుమ బాలుర గొంతు మారును. అట్టి బాలుడు తారస్థాయిని అందుకొనలేకపోయిన అది ప్రకృతి చేసిన మార్పేగాని అతని తప్పు కాదు.

గమకమును అపశ్రుతి యని భ్రమించుట పెద్ద ప్రమాదము. తోడి రాగమున గాంధారము నిలిచి యుండదు, ఊగుచుండును. హార్మోనియము మెట్టుకు అలవాటుపడిన చెవికి అది తప్పుగా తోచును. భైరవిలో ఆరోహణమున చతుశ్రుతి ధైవతము, అవరోహణమున శుద్ధ ధైవతము వచ్చును. కాంభోజిలో కైశికి నిషాదము సొంతస్వరమైనను, కొన్ని ప్రయోగములలో కాకలి నిషాదము అన్యస్వరముగా మెరయును. ఇవి తెలియని నిర్ణేత, చక్కగా నేర్చిన పిల్లకే మార్కులు కోయును. మోహనమున మధ్యమమో నిషాదమో పలికినచో అది నిజముగా తప్పు. ఈ రెంటికి గల భేదమును ఎరుగుటకే నిర్ణేత ముందురోజున ఆ రాగముల లక్షణమును మరల చూచుకొని రావలెను. ఎంతటి పండితునకును ఇది చిన్నతనము కాదు.

పాఠాంతరముల విషయమునను జాగరూకత కావలెను. త్యాగరాజస్వామి (1767–1847) కృతులు శిష్యపరంపరలలో నోటినుండి చెవికి దిగివచ్చినవి. ఒకే కృతికి సంగతులు, కొన్నియెడల స్వరస్థానములు సయితము పరంపరనుబట్టి మారును. తాను నేర్చినట్లు లేనిదెల్ల తప్పు అనుకొను నిర్ణేత, పిల్లను గాక ఆ పిల్ల గురువును శిక్షించుచున్నాడు.

రెండవది లయ. నిర్ణేత తానుగూడ మోకాలిపై తాళము వేయుచు వినవలెను. ఆదితాళమునకు 8 అక్షరములు, రూపకమునకు 6, మిశ్రచాపునకు 7, ఖండచాపునకు 5 అని తెలిసినంతనే చాలదు. పాట ఎక్కడ ఎత్తుకొనినదో మొదట గ్రహింపవలెను. తాళము ఆరంభమైన తరువాత అరయక్షరమునకో, ముప్పాతికకో ఎత్తుకొను కృతులు అనేకములు. అది ఆలస్యము కాదు, ఆ కృతి నడక. ఔత్సాహికులలో తరచు కనబడు లోపము కాలప్రమాణము పరుగెత్తుట. భయమువలన గుండె వేగము హెచ్చును, పాటయు దానితో పరుగెత్తును. ఎత్తుకొన్న కాలప్రమాణములోనే ముగించినవాడు చిన్నవాడైనను మెచ్చదగినవాడు.

మూడవది సాహిత్యము. ఈ విషయమున తెలుగు పల్లెలకు ఒక భాగ్యము కలదు. త్యాగయ్య, క్షేత్రయ్య, రామదాసు పాడినది తెలుగులోనే. పొరుగు భాషలవారు అక్షరాలు వ్రాసికొని వల్లెవేయవలసిన మాటలు తెలుగు పిల్లలకు ఇంటిమాటలు. అయినను మాటను నడుమ విరిచి ఊపిరి తీయుట మన పోటీలలో కొల్లలుగా వినవచ్చును. “వనమాలి” అను పదమును “వన” అని ఆపి, ఊపిరి పీల్చి, “మాలి” అని పలికినచో వైకుంఠములోని దేవుడు తోటలో నీళ్లు పోయువాడగును. “ధ” ను “ద” గాను, “శ” ను “స” గాను పలుకుట గూడ గమనింపవలెను. పాడిన పాటకు అర్థమేమని చిన్నపిల్లలను ఒక్క ప్రశ్న వేయుట మంచిది. మార్కులకొరకు గాదు, మరుసటిసారి అర్థము తెలిసికొని పాడుటకొరకు.

నాలుగవది రాగభావము. ఇది కొలతకు లొంగదు గాని చెవికి తెలియును. పెద్దల విభాగమున రెండు మూడు నిమిషముల ఆలాపన, కొన్ని ఆవర్తముల కల్పనస్వరములు కోరవచ్చును. చిన్నపిల్లలను మనోధర్మము లేదని తగ్గింపరాదు. నేర్పినది నేర్పినట్లు శుద్ధముగా పాడుటయే ఆ వయస్సునకు పాండిత్యము.

కన్ను, చెవి

సంగీతమునకు తీర్పు చెప్పునది చెవి యని అందరును అనుకొందురు. పరిశోధకులు చూచినది వేరుగా నున్నది. 2013లో చియా-జుంగ్ త్సాయ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఒక పరిశోధనను ప్రకటించెను. ఆమె స్వయముగా పియానో విద్వాంసురాలు. పెద్ద పోటీలలో తుదివరకు నిలిచిన ముగ్గురి వాద్యపు ముక్కలను కొందరికి ధ్వని మాత్రమే వినిపించి, కొందరికి ధ్వని లేని బొమ్మ మాత్రమే చూపి, గెలిచినవారెవరో చెప్పుమనెను. ధ్వని విన్నవారికంటె, మూగ బొమ్మను చూచినవారే గెలిచినవారిని ఎక్కువగా గుర్తించిరి. వారిలో సంగీత విద్వాంసులును కలరు. ధ్వనియే ముఖ్యమని వాదించినవారును కన్నునకే లోబడిరని దీని సారము. పట్టుపరికిణి, హుందాయైన నడక, తండ్రి హోదా — ఇవన్నియు నిర్ణేతకు తెలియకుండగనే మార్కులలో చేరును.

దీనికి మందు కష్టమైనది కాదు. పాడువారికి పేర్లకు బదులు సంఖ్యలు ఇయ్యవలెను. నిర్ణేతలు కనీసము మొదటి రెండు నిమిషములు వేదికవైపు చూడక వినవలెను. వీలైనచోట నడుమ తెర కట్టుటయు మంచిదే. ఆకాశవాణి స్వరపరీక్షలలో గాయకుని పేరు నిర్ణేతలకు తెలియనీయకుండ వినిపించు పద్ధతి ఈ యుద్దేశముతో ఏర్పడినదే.

వినిన దానినే నమ్మిన పెద్దలకు తెలుగునాట ఉజ్జ్వలమైన ఉదాహరణము కలదు. 1919లో విజయనగరమున సంగీత కళాశాల వెలసినది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) దాని ప్రథమాధ్యక్షులు. అచట విద్యార్థిగా చేరవలెనని ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893–1964) వచ్చిరి. వారి కంటిచూపు మందము. ఆ యువకుని వాయులీనమును విన్నపిదప ఆయనను విద్యార్థిగా గాక ఆచార్యునిగా నియమించిరి. 1936లో ఆయనయే ఆ కళాశాలకు అధ్యక్షులైరి. వచ్చినవాడు ఏ గుమ్మమున నిలిచినాడో చూడక, ఏమి వినిపించినాడో దానినే విన్నందువలన దేశమునకు ఒక మహావిద్వాంసుడు దక్కెను.

వరుసయు తీర్పును మార్చును. బెల్జియము దేశమున బ్రస్సెల్సు నగరమున జరుగు ఎలిజబెత్ రాణి సంగీత పోటీలో తుదివిడత పాడు వరుసను చీట్లతో నిర్ణయింతురు. దాని ఫలితములను పరిశీలించి ఫ్లోరెస్, గిన్స్‌బర్గ్ అను ఇద్దరు 1996లో ఒక వ్యాసము ప్రకటించిరి. మొదటిదినమున వాయించినవారికి మంచి స్థానము దక్కుట తక్కువగానున్నదని అందు తేలినది. అంతటి నిర్ణేతలకే ఇట్లయినప్పుడు పల్లె పోటీలలో చెప్పనేల? మొదట పాడువానికి మార్కులిచ్చుటకు నిర్ణేత జంకును. పై వారికి చోటు మిగుల్చును. కావున పోటీ ఆరంభమునకు ముందు, పోటీలో లేనివానిచేత ఒక పాట పాడించి, నిర్ణేతలందరు దానికి మార్కులు వేసి చూచుకొనవలెను. మొదటి ముగ్గురి మార్కులను పెన్సిలుతో వ్రాసి, ముగ్గురును పాడిన పిదప మరల సరిచూడవలెను. ఎనమండుగురికి ఒకసారి విరామము తప్పదు. అలసిన చెవి అన్నిటిని ఒకటిగా వినును.

మార్కులు

చిన్నల విభాగమున 100 మార్కులను ఇట్లు పంచవచ్చును: శ్రుతికి 30, లయకు 25, సాహిత్యమునకు 20, రాగభావమునకు 15, నిలకడకు 10. పెద్దల విభాగమున శ్రుతికి 25, లయకు 20, సాహిత్యమునకు 15, రాగభావమునకు 20, మనోధర్మమునకు 20. ఊరినిబట్టి ఈ పంపకమును మార్చుకొనవచ్చును. కాని ఏ పంపకమైనను పోటీకి నెలరోజుల ముందే గ్రంథాలయపు గోడమీద అంటింపవలెను. ఏది చూతురో తెలిసినచో పిల్లలు దానినే సాధన చేయుదురు. సమానమైన మార్కులు వచ్చినచో శ్రుతిలో హెచ్చు వచ్చినవారికి బహుమతి యని గూడ ముందే వ్రాయవలెను.

నిర్ణేతలు ముగ్గురుండుట మేలు. ఒకరితో నొకరు మాటలాడక ఎవరి కాగితమున వారు వ్రాయవలెను. తరువాత కూడికలో ఒక చిక్కు కలదు. ఇద్దరు గాయనులు పాడిరనుకొందము. మొదటి నిర్ణేత మొదటి గాయనికి 90, రెండవ గాయనికి 60 ఇచ్చెను. రెండవ నిర్ణేత 72, 75 ఇచ్చెను. మూడవ నిర్ణేత 71, 76 ఇచ్చెను. కూడగా మొదటి గాయనికి 233, రెండవ గాయనికి 211. బహుమతి మొదటి గాయనిది. కాని ముగ్గురిలో ఇద్దరు రెండవ గాయనియే మేలనిరి! మార్కులను విస్తారముగా చల్లు ఒక్క నిర్ణేత మిగిలిన ఇద్దరి మాటను కొట్టివేసెను. దీనికి ఉపాయము, ఒక్కొక్క నిర్ణేత మార్కులను స్థానములుగా మార్చి కూడుట. అప్పుడు మొదటి గాయనికి 1, 2, 2 కలిసి 5, రెండవ గాయనికి 2, 1, 1 కలిసి 4. తక్కువ మొత్తము వచ్చినవారు పై స్థానమున నుందురు. లెక్క చిన్నదే. దానివలన నిలుచు న్యాయము పెద్దది.

నిర్ణేత మాట

ఇంగ్లండు దేశమున 1882లో తూర్పు లండనులోని స్ట్రాట్‌ఫర్డున జాన్ స్పెన్సర్ కర్వెన్ ఔత్సాహికులకు సంగీతపు పోటీ ఉత్సవమును నెలకొల్పెను. 1885లో కెండలు ప్రాంతమున మేరీ వేక్‌ఫీల్డు పల్లె గాయకబృందములకు పోటీ ఆరంభించెను. ఆ ఉత్సవముల పరంపరలో నిర్ణేత మార్కులు వేసి ఊరకుండడు. పాడినవారికి వ్రాతమూలముగా గుణదోషములను తెలిపి, సభలో నిలిచి మాటలాడుట అచట ఆచారమైనది. మన పోటీలలో ఈ భాగమే లోపించుచున్నది. ఫలితములు చదువుటతో సభ ముగియును. ఓడినవాడు ఎందుకు ఓడినాడో ఎరుగడు.

ప్రతివానికిని ఒక చిన్న కాగితము ఇయ్యవలెను. దానిమీద మూడు వాక్యములు చాలును: నిజముగా బాగున్నది ఒకటి, దిద్దుకొనవలసినది ఒకటి, దానికి చేయవలసిన సాధన ఒకటి. మెప్పు నిజమైనదై యుండవలెను. ఊరక “బాగు, బాగు” అనుట పిల్లవానికి గూడ తెలిసిపోవును. దోషములు పది వినబడినను ఒక్కటే చెప్పవలెను. పది చెప్పిన ఒక్కటియు నిలువదు.

పైన చెప్పిన బాలికతో నిర్ణేత మాటలాడవలసిన తీరు ఇట్టిది: “అమ్మా, నీ తాళము చివరివరకు చెదరలేదు. అది నీకంటె పెద్దవారికే కుదరదు. పై షడ్జమున గొంతు కొంచెము దిగుచున్నది. రోజును తెల్లవారుజామున శ్రుతిపెట్టె పెట్టుకొని, ముందు మధ్యస్థాయిలో ఒక్కొక్క స్వరమును దీర్ఘముగా నిలిపి, ఆకారముతో మెల్లగా పైకి పొమ్ము. తొందరపడకు తల్లీ. వచ్చే యేడు మరల పాడవలెను.” దోషము దాచబడలేదు. కాని ఆ బాలిక చేతికి ఒక పని దొరికినది. ఇంటికి పోయి ఆమె శ్రుతిపెట్టెను అటక యెక్కింపదు. మరునాటి తెల్లవారుజామున దానిని తెరచును.

వయస్సు మీరినవారియెడ మాట మరియు మెలకువతో ఉండవలెను. ఏబదియేండ్ల బడిపంతులుగారు మొదటిసారి వేదిక యెక్కినచో, తన శిష్యులయెదుట ఆయనకు తప్పులు ఎత్తిచూపరాదు. “మాస్టారూ, ఒక్క మాట మనవి చేయవలెను” అని పక్కకు పిలిచి చెప్పుట మర్యాద. ఆ వయస్సున పాడుటకు ముందుకు వచ్చుటయే పిల్లలకు ఆయన చెప్పిన పాఠము.

బహుమతులుగా వెండిగిన్నెలకంటె పుస్తకములు మేలు. స్వరసహితమైన కృతుల పుస్తకమును గ్రంథాలయము ముద్రతో ఇచ్చినచో అది మరుసటి యేటి పోటీకి విత్తనమగును. బహుమతి రానివారికి ఆ యేడంతయు అట్టి పుస్తకములను ఇంటికి తీసికొనిపోవు హక్కు ఇచ్చుట ఇంకను మేలు.

గ్రంథాలయాధికారి పాఠకుని చదువునకు మార్కులు వేయడు. వచ్చినవానికి తగిన పుస్తకమును చేతికిచ్చి, మరల వచ్చునట్లు పంపును. సంగీతపు పోటీలో నిర్ణేతయు అట్లే చేయవలెను. నేడు పాడినవారిలో ఎందరు మరుసటి యేడు మరల వేదిక యెక్కుదురో లెక్కించి చూచినచో, తీర్పు ఎట్టిదో ఊరికే తెలియును. ఆ లెక్క ఏటేట పెరుగుగాక, ఈ గ్రంథాలయపు పందిట పాట ఎన్నడును ఆగకుండుగాక.

స్వస్తి.